బెల్లినీ

మొన్న జులైలో మా అమ్మాయికి 21 ఏళ్ళు నిండాయి. అమెరికాలో మందు కొనుక్కోవడానికి చట్టం ఒప్పుకునే వయసు అది. పుట్టినరోజుకి బయట ఎక్కడికైనా వెళ్దామంటే వద్దంది. "ఇంట్లోనే బెల్లినీ చేసుకుందాం అమ్మా. ఒక్క గ్లాసు. నీ ముందే తాగుతా," అంది. చాటుగా తాగడం కంటే నయమే కదా అనుకుని సరేనన్నాను. అన్నాను గానీ ఆ వారమంతా నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. నెల్లూరు జిల్లాలోని మా ఊరినుంచి వచ్చిన అమ్మ అప్పుడు మాతోనే ఉంది.

బెల్లినీ పుట్టింది వెనిస్‌లో. జుసెప్పె చిప్రియాని అనే ఆయన 1931లో అక్కడ హారీస్ బార్ తెరిచాడు. తర్వాత కొన్నేళ్ళకి తెల్ల పీచ్ పళ్ళ గుజ్జులో ప్రొసెకో కలిపి ఈ పానీయం తయారుచేశాడు. ప్రొసెకో అంటే ఇటలీలో చేసే బుడగల వైను. గ్లాసులోని లేత గులాబీ రంగు చూస్తే పాతకాలపు వెనిస్ చిత్రకారుడు జొవాన్ని బెల్లినీ బొమ్మల్లోని రంగు గుర్తొచ్చి ఆ పేరు పెట్టాడంటారు. ఒక వంతు గుజ్జు, రెండు వంతులు ప్రొసెకో. అంతే, ఇంకేమీ లేదు.

మేముండేది జార్జియాలో. పీచ్ పళ్ళకి పేరున్న రాష్ట్రం. జులైలో పళ్ళకి కొదవ ఉండదు. బాగా మగ్గిన పళ్ళని మరిగే నీళ్ళలో అరనిమిషం ఉంచి, తీసి ఐసు నీళ్ళలో వేస్తే తోలు ఇట్టే ఊడొస్తుంది. మిక్సీలో వేస్తే గాలి కలిసి నురగొస్తుంది, రంగూ తొందరగా మారిపోతుంది. అందుకని జల్లెడలో వేసి గరిటెతో నొక్కాలట. రంగు మారకుండా రెండు చుక్కలు నిమ్మరసం. మా అమ్మాయి ఫోన్లో చూస్తూ ఇవన్నీ చదువుతోంది, నేను చేస్తున్నాను. అమ్మ కాసేపు చూసింది.

"అట్టా గాదు మే, ఇట్టియ్యి," అని జల్లెడ లాక్కుంది. ఎన్ని ఎండాకాలాలు మామిడి తాండ్రకి రసం తీసిన చేతులో అవి. అయిదు నిమిషాల్లో గిన్నెడు గుజ్జు తీసి పెట్టింది. పిల్ల పుట్టినరోజని పళ్ళరసం చేస్తున్నామనుకుంది. నేనూ చెప్పలేదు.

సీసా ఫ్రిజ్‌లో ఉంది. అది ఎంత చల్లగా ఉంటే బుడగ అంత నిలుస్తుంది. మా అమ్మాయి బయటికి తీసి, మూతమీది తీగని ఆరుసార్లు తిప్పి వదులు చేసింది. బిరడాని కదలకుండా పట్టుకుని సీసాని మెల్లగా తిప్పింది. టప్పుమని చిన్న చప్పుడు. గుజ్జు మీద పోస్తుంటే నురగ గ్లాసు అంచుదాకా పొంగింది. గుజ్జులో బుడగలు తొందరగా లేస్తాయి, అందుకే గ్లాసు వాల్చి, ఆగి ఆగి పోయాలి.

అమ్మ గరిటె పక్కన పెట్టేసింది. వాసన ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

మా నాన్న సారా తాగేవాడు. అది ప్యాకెట్లలో వచ్చేది, 'వారుణి వాహిని' అని పేరు పెట్టి ప్రభుత్వమే సరఫరా చేసేది. కూలిడబ్బులు ఇంటికి రాకముందే దుకాణానికి చేరేవి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారని తెలిశాక మా ఊళ్ళోనూ కదిలారు. అమ్మ చీపురుకట్ట పట్టుకుని దుకాణం ముందు కూర్చోడం నాకు గుర్తుంది. అప్పుడు నాకు 12 ఏళ్ళు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. నాన్న ఆ వేసవిలోనే పోయాడు. కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి పోయాడు. మా అమ్మాయికి మాత్రం నేను గుండెపోటని చెప్పాను.

"తాగు పాపా, నీకోసరమే గదా చేసింది," అంది అమ్మ. ఆమె అరుస్తుందేమోనని నేను ఎదురుచూస్తున్నాను. అరవలేదు. గ్లాసు వైపు చూస్తూ అంది: "మీ తాత కూడా సారాతో మొదలుపెట్టలా. పెళ్ళైన కొత్తల్లో పొద్దున్నే తాటికల్లు తాగేవోడు. తియ్యగుంటదని నాక్కూడా ఒకసారి పోసిచ్చినాడు. ఇట్నే బుడగలు బుడగలుగా ఉండె."

"తాతకి హార్ట్ ఎటాక్ కదా?" అంది మా అమ్మాయి.

"ఎవురు చెప్పినారు?" అని అమ్మ నావైపు చూసింది.

అప్పుడు చెప్పాల్సొచ్చింది. నిలబడే చెప్పాను, గుజ్జు చేతులతోనే. మా అమ్మాయికి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. "డాక్టర్ దగ్గర ప్రతిసారీ ఫారం ఇస్తారు కదమ్మా, ఇంట్లో ఎవరికైనా తాగుడు సమస్య ఉందా అని. నా చిన్నప్పుడు నువ్వు లేదని టిక్కు పెట్టేదానివి. పద్దెనిమిది దాటాక నేనే నింపుతున్నా. నేనూ లేదనే పెట్టా."

నా దగ్గర జవాబు లేదు. తాగుడు వ్యసనంలో వంశపారంపర్యానికీ కొంత పాత్ర ఉంటుందని నాకు తెలుసు. తెలిసీ, పరువుకి సంబంధించిన విషయంలాగా దాచాను. పిల్ల పార్టీలకి వెళ్తోందంటే భయపడ్డాను, వాసన చూశాను, ఫోన్లు చేశాను. దానికి పనికొచ్చే ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

మా అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుని తన గ్లాసు తాగింది. తొందరేమీ పడలేదు. బావుందంది. "నువ్వూ చూడు," అని నాకు కాస్త పోసిచ్చింది. నా జన్మలో మొదటిసారి. చల్లగా, తియ్యగా ఉంది, నాలుక మీద చిటపటలాడింది. బావుంది. నాన్నకి కూడా మొదట్లో ఇలాగే బావుండి ఉంటుందన్న ఆలోచన ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ రాలేదు. నాకు తెలిసిందల్లా ఆయన చివరి రోజులే. రెండో గుక్క తాగలేదు. తాగాలనిపించింది.

"నాకు సోడా ఏసియ్యి," అంది అమ్మ. మిగిలిన గుజ్జులో సోడా పోసి, చిటికెడు ఉప్పు, నిమ్మకాయ పిండి ఇచ్చాను. "గోలీసోడా మాదిరుంది," అని గ్లాసంతా తాగింది. సీసాలో సగం మిగిలింది. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాం. మర్నాడు ఉదయం చూస్తే సీసా కడిగేసి రీసైక్లింగ్ డబ్బాలో ఉంది. ఎవరు పారబోశారో నేను అడగలేదు.

ఆగస్టులో కాలేజీ తెరవకముందు మా అమ్మాయి డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచే ఫోన్ చేసింది.

"అమ్మా, తాత పోయినప్పుడు ఆయన వయసెంత?"

"నలభై ఒకటి," అన్నాను.

"సరే, రాస్తున్నా," అంది.