గైడు మూసి ‘గబ్బిలం’ తెరిచాం

మా ఇళ్లల్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఇంటర్లో ‘కవి శైలి వివరించుము’ అని ప్రశ్న వస్తే, ఏ కవికైనా ‘సరళము, సుందరము, ధారాశుద్ధి గలది’ అని గైడులో ఉన్నదే దించేవాళ్లం. ఒకరోజు మాస్టారు మా జవాబుల్లో కవి పేరు కొట్టేసి చదివి, “ఇది ఎవరి గురించిరా?” అన్నారు. ఒక్కరమూ చెప్పలేకపోయాం. తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రి హాస్టలు వరండాలో జాషువా ‘గబ్బిలం’ పట్టుకుని కూర్చున్నాం. 1895లో మన వినుకొండలో పుట్టిన కవి 1941లో తెచ్చిన కావ్యం. ఒకరు పైకి చదివితే మిగతావాళ్లం విన్నాం. ఎవరితో చెబుతున్నాడు? ఏ మాట ఏరుకున్నాడు? ఇదే ఎందుకు? ఈ మూడే మా ప్రశ్నలు.

కాళిదాసు మేఘాన్ని పంపాడు. ఈయన గబ్బిలాన్నెందుకు పంపాడు? గుడిలోకి ఆ మనిషిని రానివ్వరు, గబ్బిలాన్ని ఆపేవాళ్లు లేరు. ఆ ఒక్క ఎంపికలోనే కోపమూ ఉంది, ఎత్తిపొడుపూ ఉంది. పైగా ‘మీకెందుకు’ అన్నవాళ్ల ఛందస్సులోనే చెప్పాడు. తర్వాత ఉన్నవ ‘మాలపల్లి’ పక్కన పెట్టుకున్నాం. అదే బాధ, అక్కడ వచనంలో, గుంటూరు సీమ పలుకుబడిలో ఉంది. శైలంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

సొంత మాటల్లో రాసిన ఆ పరీక్షలో మార్కులు తగ్గాయి. కానీ మా పల్నాటి యాసకు సిగ్గుపడటం ఆ రోజుతో మానేశాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ముందు పుస్తకం, తర్వాతే గైడు.