ముప్పై రెండా, ఇరవై రెండా?

ఎదురింటివారు పెళ్ళికి వెళ్ళి రెండు రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి వీధి తలుపు గొళ్ళెం ఊడి వేలాడుతోంది, బీరువా బార్లా తెరిచి ఉంది. బళ్ళారి ఊరి చివర కొత్తగా వెలిసిన లేఅవుటు మాది. పట్టుమని పది ఇళ్ళు లేవు. అప్పట్లో నాకు హుబ్బళ్ళిలో ఉద్యోగం. శనివారం రాత్రి రావడం, సోమవారం తెల్లవారకముందే రైలెక్కడం. ఇంట్లో మా ఆవిడ, ఎనభై రెండేళ్ళ మా అమ్మ, ఇద్దరే. పోలీసులు వచ్చి వేలిముద్రలు తీసుకుని వెళ్ళాక నేనొక నిర్ణయానికి వచ్చేశాను. రివాల్వరు కొనాలి.

బి.కాం. చదివి, దాదాపు ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినవాడు ఏది కొనాలన్నా ముందు కొటేషన్లు పిలుస్తాడు, పట్టిక గీస్తాడు. ఫ్రిజ్జు కొన్నప్పుడూ నేను అదే చేశాను. ఇప్పుడూ ఒక నోటు పుస్తకం తెరిచి పైన "ఏ సైజు?" అని రాసుకున్నాను. అసలు కొనాలా వద్దా అన్న ప్రశ్న ఆ పుస్తకంలో ఎక్కడా లేదని చాలా రోజులకు గాని తోచలేదు.

తుపాకీ సైజు అంటే గొట్టం లోపలి వ్యాసం. .32 అంటే అంగుళాన్ని నూరు భాగాలు చేస్తే అందులో ముప్పై రెండు, అంటే ఇంచుమించు ఎనిమిది మిల్లీమీటర్లు. బ్యాంకు గన్‌మన్ల భుజాన కనిపించే పన్నెండు బోరుది వేరే లెక్క. ఒక పౌను సీసాన్ని సమంగా పన్నెండు గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఆ గొట్టంలో సరిగ్గా పడుతుంది. అందుకే అక్కడ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఇన్నేళ్ళు ఆ తుపాకీ పక్కనే నిలబడి క్యాష్ పెట్టెలు లెక్క పెట్టించుకున్న నాకు ఈ సంగతి అప్పుడే తెలిసింది.

తుపాకుల కొట్టాయన నా పట్టిక చూసి నవ్వాడు. "మీరు ఎంచుకోవడానికేముంది సార్, గవర్నమెంటే ఎంచిపెట్టింది" అన్నాడు. నిజమే. 1959 నాటి ఆయుధాల చట్టం కింద సైన్యం, పోలీసులు వాడే 9 మిల్లీమీటర్ల సైజు మామూలు పౌరులకు నిషిద్ధం. జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే లైసెన్సుతో మనబోటివాళ్ళకు చేతి తుపాకుల్లో దొరికేవి ముఖ్యంగా .32, .22. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారంలో తయారయ్యే .32 రివాల్వరులో ఆరు తూటాలు పడతాయి. 2014లో అదే సైజులో ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' అనే తేలికపాటి రివాల్వరు తెచ్చారు. బరువు అరకిలో, అప్పటి ధర 1,22,000 రూపాయల పైమాట. మరుసటి ఏడు ఇషాపూరు నుంచి .22లో 'నిడర్' వచ్చింది. అది పావుకిలోనే. పప్పు, పంచదార తూకాల్లో చెప్పుకుంటున్నామే అనిపించింది గాని, చేత్తో ఎత్తి గురిపెట్టవలసిన వస్తువుకు బరువే మొదటి లెక్కట. బరువు తగ్గితే మోయడం సుఖం, పేల్చినప్పుడు చేతికి తగిలే వెనుక దెబ్బ ఎక్కువ. కొట్టాయన ఇంకో హెచ్చరిక కూడా చేశాడు. .32 రివాల్వరు తూటా వేరు, .32 పిస్టలు తూటా వేరు. పేరు ఒకటే గదా అని ఒకదానిది ఇంకొకదాంట్లో పెట్టరాదు.

ఆదివారం రాత్రి డల్లాసు నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, చట్టపరమైన అడ్డంకి లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. "అయ్యో మామా, .32తో ఏం చేస్తావ్? ఇక్కడ దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోరు" అన్నాడు. వాడి దగ్గర 9 మిల్లీమీటర్లది ఉంది. వాడి స్నేహితుడు .45 తప్ప ముట్టడట. ఆ దేశంలో ఈ వాదన నూరేళ్ళు దాటిందని వాడు చెప్పాకే నాకు తెలిసింది.

ఫిలిప్పీన్స్‌లో మోరో తిరుగుబాటుదారుల మీద తమ .38 రివాల్వర్లు చాలడం లేదని అమెరికా సైన్యం 1904లో పశువుల మీద, శవాల మీద పరీక్షలు జరిపించింది. పెద్ద గుండే మేలని తేల్చి 1911లో .45 కోల్ట్ పిస్టలును తీసుకుంది. 1986 ఏప్రిల్లో మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. తప్పు 9 మిల్లీమీటర్ల గుండుది అన్నారు. దాంతో 10 మిల్లీమీటర్లది తెచ్చారు. అది చేతికి మరీ మొరటుగా ఉందని 1990లో వచ్చిన .40కి మారారు. చివరికి పాతికేళ్ళు పైబడ్డాక మళ్ళీ 9 మిల్లీమీటర్లకే వచ్చి చేరారు. ఈలోగా గుండ్ల తయారీ మెరుగైంది. పైగా చిన్న సైజుతో ఏజెంట్ల గురి బాగా కుదురుతోంది. ఒకే అప్పును నాలుగు పద్దుల్లో తిప్పి మొదటి పద్దులోకే తెచ్చినట్టు లేదూ?

నేను బంగారం తాకట్టు మీద అప్పులిచ్చినవాణ్ణి కనక గుండ్ల బరువుల్ని కాసుల్లో వేసి చూశాను. వాళ్ళు గ్రెయిన్లలో లెక్కపెడతారు; గ్రాముకు పదిహేనున్నర దాకా వస్తాయి. 230 గ్రెయిన్ల .45 గుండు పదిహేను గ్రాములు, తులం పైన. 124 గ్రెయిన్ల 9 మిల్లీమీటర్లది ఎనిమిది గ్రాములు, సరిగ్గా ఒక కాసు. మన .32 రివాల్వరుది ఆరు గ్రాముల పైచిలుకు, ముప్పాతిక కాసు. .22ది రెండున్నర గ్రాములు, చిన్నపిల్ల ఉంగరమంత. శక్తిలో చూస్తే .32 దెబ్బ 9 మిల్లీమీటర్ల దాంట్లో సుమారు మూడో వంతు. పట్టికలో .32 కింద టిక్కు పెట్టాను. ఉన్నవాటిలో అదే నయం గదా.

కాని ఈ చదువులో ఒక సంగతి నన్ను వదల్లేదు. చేతి తుపాకీ గుండు సినిమాల్లోలాగా మనిషిని ఎగరగొట్టదు. మెదడుకో వెన్నుపాముకో తగిలితే తప్ప మనిషి అక్కడికక్కడే కూలడు. గుండెకు తగిలినా పది పదిహేను సెకన్లు కదలగలడు. అంటే సైజు సంగతి తర్వాత, ముందు గురి తప్పకూడదు. బ్యాంకుకు తప్ప వేరే చోటికి క్రమం తప్పకుండా వెళ్ళిన చరిత్ర నాకు లేదు. నెలనెలా సాధనకు పోతానా?

పోతానని నాకు నేనే సర్దిచెప్పుకుని దరఖాస్తు తెచ్చాను. 2016 నిబంధనల ప్రకారం వాడకంలో శిక్షణ పొందినట్టు పత్రం కావాలి, ఒంటికీ మనసుకీ జబ్బేమీ లేదని డాక్టరు పత్రం కావాలి, భద్రంగా దాస్తానని హామీ రాసివ్వాలి. లైసెన్సు వచ్చాక కూడా ఎన్నికలప్పుడు పోలీసుస్టేషన్లో జమ చేయమంటారు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసిన మా పెదనాన్న దగ్గర .32 రివాల్వరు ఉండేది. ముప్పై ఏళ్ళలో అది ఎరిగినది ఏటేటా ఆయుధపూజ నాటి కుంకుమే. ఆయన పోయాక దాన్ని ఎవరి పేర మార్చుకోవాలో తేలక కొడుకులు పడ్డ తిప్పలు పొలం పంపకాల్లో కూడా పడలేదు.

ఫారాలు నింపుతుంటే మా ఆవిడ కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది.

"ఏమండీ, లైసెన్సు ఎవరి పేర?"

"నా పేరే."

"మీరు హుబ్బళ్ళిలో ఉంటారు గదా. రాత్రి దొంగ వస్తే దాన్ని నేను తీయొచ్చా?"

తీయకూడదు. లైసెన్సు ఇచ్చేది మనిషికి, ఇంటికి కాదు. నేను ఊళ్ళో లేని అయిదు రాత్రులూ అది బీరువాలో తాళం కింద ఉండాలి, తాళంచెవి నా దగ్గరుండాలి. ఎవరి కోసం కొందామనుకున్నానో వాళ్ళకు అది పనికొచ్చే రాత్రి వారంలో ఒక్కటి కూడా లేదు. ఇంత పట్టిక గీసినవాడికి ఈ గడి ఎందుకు తట్టలేదో! అయినా వెంటనే ఒప్పుకోలేదు. ఆమె పేరన కూడా పెడదామన్నాను. "బియ్యం డబ్బా మూత తీయడానికే మిమ్మల్ని పిలుస్తాను" అని నవ్వి గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండో శనివారం. రాత్రి రెండు దాటింది. పెరటి వైపు గడియ కదిలిన చప్పుడైంది. కరెంటు లేదు. మా ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుంది. గుండె దడదడలాడుతుంటే టార్చి ఒక చేత్తో, మూల నున్న దోమతెర కర్ర ఇంకో చేత్తో పట్టుకుని వంటింట్లోకి నడిచాను. తలుపు దగ్గర ఒక ఆకారం వంగి ఉంది. కర్ర ఎత్తాను. అప్పుడు టార్చి వెలిగించాను. ఆ వరసలోనే చేశాను. ముందు కర్ర, తర్వాత వెలుతురు.

మా అమ్మ. తలకు ముసుగు వేసుకుని గడియ లాగుతోంది.

"మీ నాయన వచ్చినాడురా, వాకిట్లో నిలబడినాడు. తలుపు తీయి" అంది.

మా నాయన పోయి పందొమ్మిదేళ్ళు. అమ్మకు మతిమరుపు ఉందని తెలుసు గాని, రాత్రిళ్ళు లేచి నడుస్తుందని నాకు తెలియదు. మా ఆవిడకు తెలుసట. రెండు నెలలుగా జరుగుతోంది, నేను అక్కడ దిగులు పడతానని చెప్పలేదట. ఆ రాత్రి అమ్మను పడుకోబెట్టాక నాకు చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆత్మరక్షణ హక్కు మన చట్టంలో ఉంది. పాత శిక్షాస్మృతిలో ఉండేది, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. అవసరానికి మించి హాని చేయకూడదన్న షరతూ ఉంది. చీకట్లో వంగి ఉన్న ఆకారం ఎవరిదో తెలుసుకునే లోపల ఆ అవసరాన్ని ఎలా కొలుస్తారో నాకు అంతుపట్టలేదు. దోమతెర కర్ర గనక సరిపోయింది.

నింపిన ఫారాలు పంపలేదు. ఆ డబ్బులో కొంత పెట్టి వీధి వసారాకు ఇనుప జాలీ తలుపు వేయించాం, పెరట్లో రాత్రంతా వెలిగే దీపం పెట్టించాం. లేఅవుటు వాళ్ళం తలా కాస్త వేసుకుని గూర్ఖాను కుదుర్చుకున్నాం. డల్లాసు మేనల్లుడికి ఇదంతా చెబితే కాసేపు మాట్లాడలేదు, "అమ్మమ్మ ఎట్లుంది మామా?" అని మాత్రం అడిగాడు.

ఆ వేసవిలో బదిలీ అడిగి బళ్ళారికే వచ్చేశాను. పెరటి తలుపు గడియకు మా ఆవిడ ఒక చిన్న గంట కట్టింది. రాత్రి అది మోగితే ఇద్దరం లేస్తాం. నేను ముందు దీపం వేస్తాను.