తోలు పేరు రాయని ప్లేట్లు



అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్న ఒక తమ్ముడు మొన్న సూటిగా అడిగిండు: "అన్నా, డప్పు కొట్టే ఇంట్ల పుట్టినవ్. ఈ త్యాగరాజ కీర్తనలు నీకెందుకే?" అడగాల్సిన ప్రశ్నే. చాయ్ బండి దగ్గర రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఈ వారం దీని గురించే రాస్తున్నాను.

మా తాత డప్పు కట్టేవాడు. చింతకర్ర చట్రం, మేకతోలు, అతికించడానికి చింతగింజల పిండి. వాయించే ముందు గడ్డిమంట మీద కాపి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని "ఇగ పలుకుతది" అనేవాడు. శ్రుతి చేయడమంటే అదే. కాకపోతే మా వాడలో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు.

నేను ఉండేది నారాయణగూడలో. సాయంత్రం చిక్కడపల్లి వైపు నడిస్తే సిటీ సెంట్రల్ లైబ్రరీ వస్తుంది, ఇంకాస్త నడిస్తే త్యాగరాయ గానసభ. లైబ్రరీలో మన హాస్టళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎందరో. వాళ్లలో గానసభ మెట్లెక్కినవాళ్లు నాకు ఒకరిద్దరే తెలుసు. గేటుకు కులం బోర్డు లేదు, చాలా కార్యక్రమాలకు టికెట్ కూడా లేదు. అయినా ఎక్కం. ఎందుకో చెప్తాను. చదువుకునే రోజుల్లో వేరే ఊళ్లో ఒక కచేరీకి వెళ్లాను. పక్క సీటు పెద్దమనిషి ఊరు అడిగాడు, ఇంటిపేరు అడిగాడు. కాసేపటికి నేను రాగం పేరు చెబితే "మీకెట్లా తెలుసు?" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే సంతోషించేవాణ్ణి. ఆయన ఆశ్చర్యమంతా ఆ 'మీకు' దగ్గరే ఉంది.

అప్పటి నుంచి రికార్డుల మీద పడ్డాను. రికార్డు ఇంటిపేరు అడగదు. పేరున్నవాళ్ల రికార్డుల మీద మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మూలన పడ్డవాటి గురించి చెప్తాను.

మొదట బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952) పాత ప్లేట్లు. ఈమె దేవదాసి ఇంటి బిడ్డ. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించింది, ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి పాడుబడిపోతుంటే తన సంపాదనతో మందిరం కట్టించింది. ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్న కాలంలో ఆడవాళ్లను కూడగట్టి పాడించింది. చిక్కడపల్లి సభకు ఎవరి పేరు పెట్టారో, ఆయన సమాధిని నిలబెట్టింది ఒక దేవదాసి అన్నమాట. ప్లేటు మీద ఆమెకు దొరికేది మూడు నిమిషాలు. గరగర మధ్య నుంచి గొంతు దూసుకొస్తుంది. వయ్యారం లేదు, బతిమాలడం లేదు. అక్షరాన్ని గట్టిగా పట్టుకుని పాడుతుంది. సాహిత్యం చదివే పిల్లలు ఈమెను ఒక్కసారైనా వినాలి.

ఆ కాలపు ప్లేట్లలో ఇంకోటి గమనించండి. తాళవాద్యం దాదాపు వినపడదు. 1925 ప్రాంతంలో మైకుతో రికార్డు చేయడం మొదలయ్యేదాకా పాటగాళ్లు ఒక పెద్ద గరాటు ముందు నిలబడి పాడేవాళ్లు. ఆ గరాటు గొంతును పట్టినంత బాగా తోలు మంద్రాన్ని పట్టలేకపోయింది. అంటే మొదటి తరంలో మన శబ్దాన్ని యంత్రమే వినలేదు. తర్వాత మైకు వచ్చింది, మృదంగం మోగింది, వాయించినవాడి పేరు అట్ట మీదికి ఎక్కింది. తోలు కట్టినవాడి పేరు మాత్రం ఎక్కలేదు.

మృదంగానికి పనసకర్ర, ఆవుతోలు, బర్రెతోలు, మేకతోలు కావాలి. కుడివైపు నల్లటి గుండ్రానికి రాతిపొడిని అన్నంతో మెత్తగా నూరి పొర మీద పొర వేసి రుద్దాలి. కచేరీకి ముందు ఎడమవైపు తడిపిన రవ్వ పెట్టాలి. ఈ పనిలో చేతులు పుండ్లు పడ్డవాళ్లలో చాలామంది మనవాళ్లు. పాలఘాట్ మణి అయ్యర్ (1912–1981) మృదంగానికి దేశమంతా దండం పెట్టింది. ఆ మృదంగాన్ని పలికించేలా కట్టినవాడు తంజావూరు దళిత క్రైస్తవుడు పార్లాందు. ఇలాంటివాళ్ల గురించి టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశాడు. 2020లో దాని ఆవిష్కరణకు ముందు ఒప్పుకున్న హాలును కళాక్షేత్ర చివరి రోజుల్లో వెనక్కి తీసుకుంది. కార్యక్రమం వేరే చోట జరిగింది. తోలు వేదిక మీద ఉండొచ్చు కానీ తోలు గురించి మాట అక్కడ ఉండకూడదట.

రెండోది షేక్ చినమౌలానా (1924–1999) నాదస్వరం. ఒంగోలు దగ్గర కరవది ఆయన ఊరు. ముస్లిం. శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి ముందు వాయించాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. మనకు సన్నాయి అంటే పెళ్లి. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. ఈయన రాగాలాపన ఒకటి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం వినండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో దొరకదు. కింద డోలు కూడా తోలేనని మర్చిపోకండి.

మూడోది హరిశ్చంద్ర నాటకం కాటి సీను, డి.వి. సుబ్బారావు గొంతులో. ఇది శాస్త్రీయమా అని కొందరు ముక్కు విరుస్తారు. రాగం తీసి నిలబెట్టే తీరు విన్నాక మాట్లాడమనండి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంది. కాటి సీనులో జనం మళ్లీ మళ్లీ అడిగి పాడించుకునే పద్యాలు జాషువా 'శ్మశానవాటిక' లోవి. మా ఊళ్లో రాత్రంతా అరిగిన క్యాసెట్ అట్ట మీద జాషువా పేరు లేదు. రాజు కాటికాపరి అయ్యాడని ఊరంతా ఏడ్చేది. పుట్టుకతోనే కాటికాపరి అయినవాడు పందిరి బయట నిలబడి వినేవాడు.

ఇక రికార్డే లేని పాట ఒకటుంది. 'ఆముక్తమాల్యద' ఆరో ఆశ్వాసంలో మాలదాసరి కథ. రోజూ పోయి దేవుడికి పాడేవాడు. బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటే, పాడి వచ్చి నీకు ఆహారమవుతానని మాట ఇచ్చి, నిజంగానే తిరిగొస్తాడు. చివరికి ఆ రాక్షసుడే, మంగళకైశికి రాగంలో నువ్వు పాడిన పాట ఫలం నాకు ధారపొయ్యి అని కాళ్ల మీద పడతాడు. పదహారో శతాబ్దపు రాజు రాసిన కావ్యంలో అంటరానివాడి రాగం బ్రాహ్మణుడికి విముక్తి ఇస్తుంది. ఈ కథను ఎన్నోసార్లు పాఠం చెప్పాను. రాక్షసుడి పూర్వజన్మ పేరు సోమశర్మ అని కావ్యం చెప్తుంది. పాడినవాడికి పేరే లేదు, కులమే పేరు. ఆ రోజుల్లోనే అట్ట మీద పేరు వేయడం మానేశారు.

కాబట్టి తమ్మీ, నా జవాబు ఇది. ఇందులో మన చేయి ఉంది కనుక ఈ సంగీతం మనదేనని జెండా పాతి ఇంటికి పోవడం నాకు ఇష్టం లేదు. మన తోలు తీసుకుని మనకు కుర్చీ వేయని ఇల్లు మన ఇల్లు కాదు. అట్లని వినడం మానేస్తే, తాత పనితనాన్ని నేనే అవమానించినట్టు అవుతుంది. వింటాను. వింటూ లెక్క అడుగుతాను. ఆ ముచ్చట పడని నాడు గానసభలోనైనా లేచి అడుగుతాను.

మీరు చేయాల్సింది ఒకటే. మీ ఊళ్లో, మీ జిల్లా కేంద్రంలో మృదంగం, తబలా, డోలు, డప్పు కట్టేవాళ్లు ఎవరున్నారో వెళ్లి కలవండి. ఒక మూత కట్టడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఎంత ఇస్తారో, చేతులు ఎట్లా ఉన్నాయో అడగండి. వాళ్లు ఒప్పుకుంటే పేరు రాసుకోండి, గొంతు ఫోన్‌లో రికార్డు చేయండి. వందేళ్లుగా ప్లేట్ల మీద ఖాళీగా ఉన్న ఆ గడిని మనం నింపుదాం.

వచ్చే వారం, క్షేత్రయ్య పదాలు పాడినవాళ్ల గురించి.

జై భీమ్.