కాగితపు ట్రాము

చెన్నపట్టణమున విద్యుచ్ఛక్తితో నడచు ట్రాములు 1895వ సంవత్సరమున బయలుదేరి 1953వ సంవత్సరమున నిలిచిపోయినవి. మన దేశమున అట్టివానిలో మొదటివి యవియే. అవి నిలిచిన నాటికి మా అత్తగారికి 10 ఏండ్లు. ఆమె తన తల్లితో వానిలో దిరిగినదానిని చెప్పని దినము లేదు. ఇప్పుడామెకు చూపు పోయినది. కన్నులకు గాకున్నను చేతులకైన నొక ట్రాము నీయవలెనని మేమును మా అమ్మాయియు సంకల్పించితిమి.

మాకు దొరకినది యొక పాత ఛాయాచిత్రము మాత్రమే. అందు బండికడ నొక మనుష్యుడు నిలిచియుండెను. అతనిని అయిదున్నర అడుగులవానిగా నెంచి, బండి కొలతలన్నియు అతనితో పోల్చి తీసితిమి. అడుగునకు పావు అంగుళము చొప్పున తగ్గించి మందపు కాగితముపై గీసితిమి. మడతచోట్ల వాడిలేని సూదితో ముందుగ గీత నొక్కినగాని మడత తిన్నగ రాదు. జిగురు హెచ్చైన కాగితము ఉబ్బును. మా మొదటి కప్పు అట్లే చెడెను. రెండవదానికి పలుచగ పూసి, పుస్తకముల బరువుక్రింద రాత్రియంతయు నుంచితిమి. అట్టబిళ్లలు నాలుగేసి యంటించి చక్రములు చేసి, పై తీగనందుకొను కఱ్ఱకు బదులు రాగితీగ నమర్చితిమి.

అత్తగారు దానిని తడవి తడవి చూచి, "మెట్టు ఇంత కిందనుందేమే అమ్మాయ్? మా అమ్మ చంకల కింద చేతులు వేసి ఎక్కించేది నన్ను" అనిరి.

మాకు మొదట చిన్నతనమైనది. పిమ్మట చిత్రమును మరల పరిశీలింపగా తప్పు తెలిసినది. ఆ మనుష్యుడు బండి నానుకొని లేడు. కొన్ని యడుగులు ఇవతల నిలిచియున్నాడు. దగ్గఱనున్నవాడు పెద్దగ గనబడును గదా! అతనితో పోల్చుటచే మా బండి పొట్టిదైనది.

మా అమ్మాయికిని ఇప్పుడు 10 ఏండ్లే. "నాయనమ్మా, మెట్టు నా కెంతవరకు వచ్చును?" అని దగ్గఱకు బోయి నిలిచెను. అత్తగారు దాని కాలు తడవి, మోకాటికడ చేయి నిలిపిరి. దర్జీ టేపుతో కొలువగా 15 అంగుళములు. మా బండి లెక్క 12 అంగుళములే. ప్రతి కొలతను నాలుగవ వంతు పెంచి మరల మొదటినుండి చేసితిమి.

ఈసారి ఆమె వ్రేలు మెట్టుపై నిలిచి, మెల్లగ లోపలి బల్లవఱకు జరిగెను. "ఇక్కడ మా అమ్మ. కిటికీ వైపు నేను" అనిరి. ఆ సాయంకాలము తల్లిని గూర్చి ఆమె మాకెన్నడును చెప్పని మాటలు చెప్పిరి. అమ్మాయి వానిని వ్రాసికొనెను.

సోదరీమణులారా, ఇట్టి బొమ్మ చేయదలచితిరేని, ఛాయాచిత్రము చూచుటకు ముందే మీ యింటి పెద్దల నడుగుడు.