నొప్పిలేని జబ్బు

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో జబ్బు అనగా మనిషిని మంచమున పడవేయునది. చలిజ్వరము జబ్బు, పచ్చకామెర్లు జబ్బు, తేలు కుట్టినను ఆ పూటకు జబ్బే. పొలమునకు పోయి నాట్లు వేయగలిగినవాడు, బొగ్గు గనిలో షిఫ్టు చేయగలిగినవాడు, దినమునకు వేయి బీడీలు చుట్టగలిగిన తల్లి జబ్బుపడినట్లు ఎవరును ఒప్పుకొనరు. రక్తపోటు ఈ లెక్కకు లొంగని జబ్బు. అది నొప్పి పెట్టదు, పని ఆపదు, పదేండ్లు ఇంటిలో చుట్టము వలె కూర్చుండి ఒకనాడు మెదడునో గుండెనో మూత్రపిండమునో పట్టుకొనును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణమున పదునైదేండ్లు దాటిన స్త్రీలలో నాల్గవ వంతుకు పైగా, పురుషులలో సుమారు మూడవ వంతు రక్తపోటు గలవారని తేలినది. అనగా మన కళాశాల సభామందిరమున ఉపాధ్యాయులును తల్లిదండ్రులును కూర్చున్న వరుసలలో ప్రతి నలుగురిలో ఒకరికి ఉండవచ్చును. విద్యార్థి మిత్రులు ఇది ముసలివారి వ్యవహారమని పుట తిప్పకుందురు గాక. ఇంటిలో గోలీల డబ్బా ఎక్కడ ఉన్నదో తెలిసినవారు తరచుగా మీరే.

చేతికి పట్టీ చుట్టి గాలి నింపి రక్తపోటును కొలుచు పద్ధతిని 1896లో ఇటలీ దేశపు వైద్యుడు రివా రోచ్చీ కనిపెట్టెను. 1905లో రష్యా వైద్యుడు కొరోట్కోవ్ ఆ పట్టీ క్రింద స్టెతస్కోపు నుంచి చప్పుడు వినుటను నేర్పెను. చప్పుడు మొదలగు చోట పై అంకె, ఆగిపోవు చోట క్రింది అంకె. పై అంకె గుండె ముడుచుకొన్నప్పటిది, క్రిందిది గుండె విశ్రమించినప్పటిది. వేర్వేరు దినములలో చూచినను 140, 90 అను అంకెలకు తగ్గనిచో వైద్యులు దానిని జబ్బుగా లెక్కింతురు. మన యొద్ద ఈ కొలత జరుగు తీరు మాత్రము విచారకరము. బస్సు దిగి మెట్లెక్కి వచ్చినవానిని నిలువబెట్టి, చొక్కా చేతిపైననే పట్టీ చుట్టి, మాటలాడుచు అంకె వ్రాయుదురు. ఐదు నిమిషములు కూర్చుండనిచ్చి, పాదములు నేలకు ఆన్చి, చేతిని గుండె ఎత్తున బల్లపై ఉంచి చూడవలెను. అంతకు ముందు అరగంట వరకు చాయ్, బీడీ కూడవు.

మా పెద్ద భాయీసాబు దుబాయిలో సెంట్రింగు పని చేసెడివారు. జగిత్యాల చుట్టుపట్ల ఏ ఇంటికి పోయినను అటువంటి అన్నయో తమ్ముడో ఉండును గనుక ఇందు విశేషమేమియు లేదు. అక్కడ వైద్య పరీక్షలో రక్తపోటు బయటపడగా గోలీలు మొదలుపెట్టిరి. రెండేండ్లకు సెలవుపై వచ్చినప్పుడు ఇక్కడ చూపించుకొనిరి. అంకె చక్కగా నున్నది. "మంచిగనే ఉన్నది గదా, ఇంక గోలీ దేనికి?" అని డబ్బాను అల్మారా మీద పెట్టిరి. భాభీ రెండు మారులు గుర్తుచేసినది. "నాకేం నొస్తలేదు" అనిరి. మరుసటి యేడు, తిరిగి పోవుటకు టికెట్టు కొనిన వారమున, తెల్లవారుజామున వజూ చేయబోయి కుళాయి యొద్ద కూలిరి. ప్రాణము దక్కినది. ఎడమ చేయి దక్కలేదు. నేటికిని చొక్కా గుండీలు చిన్న బిడ్డ పెట్టవలెను. ఆ వీసా, ఆ జీతము, బిడ్డ పెండ్లికని అనుకొన్న పైకము అన్నియు ఆ కుళాయి యొద్దనే ఆగిపోయినవి.

అంకె చక్కగా ఉండుటకు కారణము గోలీయే. కట్ట ఉన్నందున చెరువు నిలిచినది; నీరు నిలిచినది గదా యని కట్టను త్రవ్వుకొను రైతు మన తెలంగాణమున లేడు. రక్తపోటు విషయమున మాత్రము చదువుకొన్నవారు సైతము అదే పని చేయుదురు.

గోలీ లేని కాలము ఎట్లుండెనో తెలియవలెనన్న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు సంగతి చూడవలెను. 1945 ఏప్రిల్ 12న ఆయన తలనొప్పి యనుచు కుప్పకూలిన తరువాత కొలువగా రక్తపోటు 300, 190 అని తేలినది. ఆ దినముననే మెదడులో రక్తస్రావముతో మరణించెను. వయస్సు అరువది మూడు. లోకములోని బలవంతమైన రాజ్యమునకు అధిపతియైన ఆ మనిషికి ఆనాడు వైద్యులు ఇవ్వగలిగినది ఉప్పు తగ్గించిన తిండి, విశ్రాంతి, కొన్ని పాత మందులు మాత్రమే. నేడు మన మండలపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఉచితముగా దొరకు గోలీ ఆయనకు దొరకలేదు.

ఈ మందుల చరిత్రలో మన దేశమునకును, ఉర్దూ చదువరులు గర్వింపదగిన యూనానీ వైద్యమునకును పాలు కలదు. తెలుగులో పాతాళగంధి, సంస్కృతమున సర్పగంధ, యూనానీలో అస్రోల్ అను మొక్క వేరును మన హకీములు ఎంతో కాలముగా వాడిరి. హకీమ్ అజ్మల్ ఖాన్ ఢిల్లీలో స్థాపించిన తిబ్బియా కళాశాలయందు సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో ఆ వేరు నుండి కొన్ని సారములను వేరుచేసి, ఒకదానికి హకీము గారి పేరిట అజ్మలీన్ అని పేరిడెను. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఈ వేరు రక్తపోటును తగ్గించు తీరును బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటింపగా లోకమంతయు ఇటు చూచినది. 1952లో స్విట్జర్లాండున రెసర్పీన్ వెలువడినది. మనస్సును క్రుంగదీయునను భయముచేత తరువాత అది వెనుకబడెను గనుక, నేడు ఆ వేరును నూరుకొని త్రాగుట తగదు. ఇంకొక వింత: పిమ్మట వచ్చిన కాప్టోప్రిల్ అను మందుకు దారి చూపినది బ్రెజిల్ దేశపు ఒక పాము విషము. పాము పేరు గల వేరు ఒకటి, పాము విషము ఒకటి!

ఇక తిండి. ఉప్పు దినమునకు ఐదు గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు లోపల ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 52 చోట్ల జరిగి 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అను పరిశోధనలో, ఉప్పు దాదాపుగా ఎరుగని బ్రెజిల్ అడవుల యానోమామీ ప్రజలకు వయస్సుతో రక్తపోటు పెరుగుటయే లేదని కనబడినది. మనము యానోమామీలము కాలేము. మామిడికాయ తొక్కు లేని అన్నము మా అమ్మీకి అన్నమే కాదు. ఆమె చేసిన ఉపాయమును చెప్పెదము: తొక్కు మానలేదు, తొక్కు వేసుకొన్న పూట పప్పులో ఉప్పు వేయుట మానినది, అంబలిలోను పచ్చిపులుసులోను సగము చేసినది, అప్పడములు పండుగకు ఉంచినది. మూడు వారములు ఇల్లంతయు సణిగినది, తరువాత నాలుక అలవాటుపడెను. బజారులో అమ్ము తక్కువ సోడియపు ఉప్పును మాత్రము మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని అడుగక వాడరాదు. అందు పొటాషియము ఉండును. వారమునకు నూట యేబది నిమిషముల నడక, నడుము కొలత తగ్గుట, కల్లు సారాలు మానుట మేలు చేయును. బీడీ, జర్దా, గుట్కాలు మానినచో గుండెకును మెదడుకును కలుగు ముప్పు తగ్గును. ఇవన్నియు చేసినను ఎక్కువమందికి గోలీ తప్పదు. నడక చాలునని గోలీ మానిపించు సలహాదారులను మేము మన్నింపలేము.

మాకును పదునొకండేండ్లుగా రక్తపోటు కలదు. గోలీ పట్టీ చాయ్ పత్తీ డబ్బా ప్రక్కన ఉండును. చాయ్ మరచిన దినము లేదు గనుక గోలీ మరచిన దినమును లేదు. 2017లో కేంద్రము చేపట్టిన రక్తపోటు నియంత్రణ కార్యక్రమమునకు మొదట ఎంచుకొన్న ఐదు రాష్ట్రములలో తెలంగాణ ఒకటి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ వంటి కొద్ది మందులనే క్రమము ప్రకారము ఇచ్చుట, నెలకు సరిపడ ఒకేసారి ఇచ్చుట దాని పద్ధతి. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాచును. అప్పుడు వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెనే గాని పారవేయరాదు. మోకాళ్ల నొప్పులకని దుకాణమున కొను డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి రక్తపోటును పెంచునను సంగతి మన పల్లెలలో ఎవరును చెప్పరు. రంజాను నెలలో దినమునకు ఒక గోలీ గలవారు సహరీకో ఇఫ్తారుకో మార్చుకొనవచ్చును. మూత్రము ఎక్కువ పోవు మందు గలవారు, గుండె లేక మూత్రపిండముల జబ్బు గలవారు నెల రాకముందే వైద్యుని కలిసి అడుగుట అవసరము.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మన కళాశాలలో గడియారములు తొమ్మిది కలవు, రక్తపోటు యంత్రము ఒకటియు లేదు. సన్నని చేతికి ఒకటి, లావు చేతికి ఒకటి చొప్పున రెండు పట్టీలతో ఒక యంత్రమును కొని, తల్లిదండ్రుల సమావేశపు దినమున కుర్చీ, బల్లలతో ఒక గదిని విడిచిపెట్టిన చాలును. అంకెలు వ్రాయుటకు జాతీయ సేవా పథకపు విద్యార్థులు ఉన్నారు. ఉర్దూలోను తెలుగులోను వ్రాయు చీటీలను మేము తయారుచేసి ఇచ్చెదము.