కత్తిరించిన రీలు

హీరోగారి కారు కొండమీద నుంచి పడిపోతుంది. ఆపరేషన్ థియేటర్ మీద ఎర్రలైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరుతుంది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి "ఇక ప్రాణానికి భయం లేదు" అంటారు. వెంటనే పాట! మొదటి చరణానికి చక్రాల కుర్చీ, రెండో చరణానికి చేతికర్ర, పల్లవి మళ్ళీ వచ్చేసరికి హీరోగారు ఊటీ తోటల్లో పరుగు. అంతా కలిపి నాలుగున్నర నిమిషాలు.

మా ఇంట్లో ఆ పాట తొమ్మిది నెలలు నడిచింది. చరణాలే తప్ప పల్లవి రాలేదు.

నేను నెల్లూరు జిల్లా బోగోలు వాణ్ణి. మా ఊరికి ఆనుకునే బిట్రగుంట ఉంది. ఒకప్పుడు బొగ్గింజన్ల షెడ్డుతో వెలిగిన రైల్వే ఊరది. అక్కడే నాకు చిన్న ఫ్యాన్సీ కొట్టు. మా ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇద్దరికీ సినిమా పిచ్చి సరిసమానం. ఏ సినిమా వచ్చినా కావలి పోయి చూడాల్సిందే.

2019 సంక్రాంతికి 'ఎఫ్ 2' వచ్చింది. ఫస్ట్ షో చూసుకుని, హీరోలిద్దరూ పెళ్ళాలతో పడిన పాట్లు చెప్పుకుని నవ్వుకుంటూ హైవే మీద మోటారు సైకిల్‌పై వస్తున్నాం. చీకట్లోంచి ఒక బర్రె అడ్డం వచ్చింది. నాకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఒక పక్కకి కూర్చున్న ఆవిడ ఎగిరి రోడ్డు మీద పడింది. ఎడమ తొడ ఎముక విరిగింది, కటి ఎముక చిట్లింది, కుడి మణికట్టు విరిగింది. హెల్మెట్ నా నెత్తిన ఉంది, ఆమెకు లేదు. దెబ్బ తలకు తగల్లేదు కాబట్టి ఇవాళ ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నాను. బండి నడిపింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి నోరు రాదు.

ఆసుపత్రి సంగతులు మీకు తెలిసినవే. 108 వచ్చింది, నెల్లూరు తీసుకెళ్ళారు, తొడ ఎముకలో రాడ్డు వేశారు, చేతికి పిండికట్టు కట్టారు. ఫిబ్రవరి మొదట్లో ఇంటికి పంపారు. సినిమాలో అయితే ఇక్కడ 'శుభం' పడాలి. మాకు అసలు కథ ఇక్కడే మొదలైంది.

కటి ఎముక అతుక్కునేదాకా మంచం దిగకూడదన్నారు. మనిషి కదలకుండా ఒకే పక్క పడుకుంటే వీపు మీదా, మడమల దగ్గరా చర్మం నల్లబడి పుండ్లు పడతాయట. అందుకని పగలూ రాత్రీ రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, నడుము మెలిపడకుండా, దుంగను దొర్లించినట్టు దొర్లించాలి. సెల్‌ఫోన్లో అలారం పెట్టుకున్నాను. పన్నెండు, రెండు, నాలుగు. ఆ రోజుల్లో నేను కలలు కూడా రెండు గంటల నిడివివే కన్నాను.

బెడ్‌పాన్ పెట్టడం, ఒళ్ళు తుడవడం, అన్నం కలిపి పెట్టడం... మా అమ్మ గుమ్మంలో నిలబడి "ఏందిరా ఇది, మగోడివి, నీకెందుకురా ఈ పని, నేను చేస్తా తప్పుకో" అనేది. పాపం, ఆమె మోకాళ్ళు ఆమెకే బరువు. మంచం పక్కన కూర్చుని కన్నీళ్ళు పెట్టుకోవడం మన సినిమాల్లో ఎప్పుడూ భార్యల పనే కదా! మొగుడు ఆ పాత్ర వేస్తే ఎలా వెయ్యాలో నాకెవరూ చూపించలేదు. అన్నిటికన్నా కష్టమైంది ఏమిటంటారు? జడ. మూడు పాయలే, మహా అయితే అయిదు నిమిషాల పని అనుకున్నాను. వారం రోజులు నేనల్లింది జడ కాదు, కొబ్బరి పీచు.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ డాక్టర్లే. "ఆపరేషన్ ఎందుకు చేయించావబ్బా, పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించుంటే సరిపోయేది గదా" అని ఒకాయన. ముక్కలైన తొడ ఎముక పుత్తూరు కట్టుకు లొంగేది కాదని ఆయనకెవరు చెప్తారు! "చేపలు పెట్టబాక, చీము పడుతుంది" అని ఒకావిడ. డాక్టరేమో గుడ్లూ చేపలూ బాగా పెట్టండి, ఎముక అతకాలన్నా పుండు మానాలన్నా మాంసకృత్తులు కావాలన్నారు. జువ్వలదిన్నె నుంచి చేపలబుట్ట తెచ్చే ఆవిడ మాత్రం ఏ సలహా ఇవ్వకుండా రెండు చేపలు ఎక్కువేసి పోయేది. ఆ ఇంటికి దేవుడు మేలు చెయ్యాలి.

మార్చి చివర్లో చేతి కట్టు తీసి, మంచం దింపి, వాకరు పట్టించారు. కావలి నుంచి వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ కుర్రాడు వచ్చేవాడు. మిగతా రోజులు ఆ పని నాది. మోకాలి కింద తువాలు చుట్టపెట్టి, దాన్ని కిందకి అదిమి పది లెక్కపెట్టాలి. తర్వాత మోకాలు వంచాలి. బిగుసుకుపోయిన మోకాలు వంచడమంటే ఏమిటో రాసి చెప్పలేను. ఆవిడ తిట్ల దండకం సెన్సారుకి పంపితే 'ఏ' సర్టిఫికెట్టు కూడా ఇవ్వరు. ఒకరోజు మాత్రం తిట్టలేదు. పళ్ళు బిగబట్టి, నా వంక చూసి, "నడిపింది మీరే గదా" అంది. ఒక్కసారే. నేను లెక్క ఎనిమిది దగ్గర ఆపేశాను. "ఇంకా రెండుండాయి, లెక్కపెట్టండి" అంది.

సినిమా వాళ్ళకి ఈ బాధలు తెలియవని కాదు. నూతన్ ప్రసాద్‌గారు 1989లో 'బామ్మ మాట బంగారు బాట' షూటింగులో ప్రమాదానికి గురై కాళ్ళు చచ్చుబడిపోయాయి. ఆ తర్వాత కూడా, చక్రాల కుర్చీలో కూర్చునే ఎన్నో పాత్రలు వేశారు. 2011లో పోయారు. ఆ కుర్చీలోంచి వచ్చిన గొంతు మనందరికీ తెలుసు. పొద్దున్నే ఆయన్ని మంచం మీద నుంచి ఆ కుర్చీలోకి చేర్చిన చేతులెవరివో నేనెక్కడా చదవలేదు. 'కూలీ'లో అమితాబ్ బచ్చన్‌కి 1982 జులైలో బెంగుళూరు షూటింగులో పొట్టలో దెబ్బ తగిలింది కదా, 1983లో బొమ్మ విడుదలైనప్పుడు మన్మోహన్ దేశాయ్ ఆ దెబ్బ తగిలిన చోట బొమ్మ ఆపి, ఇక్కడే దెబ్బ తగిలిందని అక్షరాలు వేసి చూపించాడు. మరుక్షణం ఫైటు సాగిపోతుంది. ఆ ఆగిన బొమ్మకీ, తర్వాతి బొమ్మకీ మధ్య ఎన్ని నెలల మందులూ మాత్రలూ ఉన్నాయో! ఆ రీలు ఎవరూ చూపించరు.

ఏప్రిల్ నెలాఖర్లో ఆవిడే అంది. "మీ మొహం చూళ్ళేకపోతున్నా. పోయి ఒక సినిమా చూసి రాండి. వచ్చి నాకు కథ చెప్పండి." అమ్మని కాపలా పెట్టి కావలి వెళ్ళాను. 'జెర్సీ' ఆడుతోంది. ముప్పయ్యారేళ్ళ వయసులో మళ్ళీ బ్యాటు పట్టిన వాడి కథ. ఆ రాత్రి మంచం పక్కన నిలబడి మొత్తం నటించి చూపించాను. టీములో చోటు దొరికిందని తెలిసి, రైల్వేస్టేషన్లో రైలు హోరులో నాని అరిచే సీనుకి, మా బిట్రగుంట మీదుగా పోయే గూడ్సు బండే నేపథ్య సంగీతం ఇచ్చింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు, నవ్వూ రెండూ చూశాను. మరి ముగింపో? అందులో హీరో గుండెజబ్బుతో చనిపోతాడు. ఆ గదిలో చావు మాట ఎత్తడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. "మ్యాచ్ గెలిచాడు, కొడుకుని ఎత్తుకున్నాడు, శుభం" అనేశాను.

జూన్‌లో వాకరు పోయి చేతికర్ర వచ్చింది. అన్నట్టు, మీరు గమనించారో లేదో, సినిమాలో కాలికి దెబ్బ తగిలిన వేషం వేసిన వాళ్ళు చాలామంది కర్రని దెబ్బకాలి పక్కనే పట్టుకుంటారు. అది తప్పట. ఎడమకాలు దెబ్బతింటే కర్ర కుడిచేతిలో ఉండాలి, అప్పుడే బరువు దెబ్బకాలి మీద తగ్గుతుంది. మా ఆవిడకి ఆ కుడిచెయ్యే విరిగిందాయె! అది గట్టిపడేదాకా ఆగాల్సి వచ్చింది. మెట్లకి ఇంకో సూత్రం చెప్పాడు కుర్రాడు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కొట్టు నుంచి భోజనానికి వచ్చాను. ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మొహం వాచి ఉంది. 'జెర్సీ' చూసిందట.

"మీరు నాకు వేరే సినిమా చూపించినారు" అంది.

నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"ఇంకేమేం కత్తిరించినారు?"

నాకు చెమటలు పట్టాయి. కత్తిరించింది ఉంది మరి. ఇంటికి పంపేరోజు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఎడమకాలు కాస్త పొట్టి కావచ్చు, నడకలో కొంత కుంటు మిగిలిపోవచ్చు అన్నారు. ఆర్నెల్లుగా ఆవిడ "ఈ కుంటు ఎప్పుడు పోతుందండీ" అని అడగడం, "కర్ర వదిలితే అదే పోతుంది" అని నేను చెప్పడం. మంచి కోసమే కదా అనుకున్నాను. ఎడిటరు కూడా మంచి కోసమే కత్తిరిస్తాడు. కానీ ఇది ఆవిడ కాలు, ఆవిడ రీలు. దాన్ని నేను కత్తిరించి ఫిబ్రవరి నుంచి నా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను.

చెప్పేశాను. ఆవిడ ఆ పూట మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. బెడ్‌పాన్ నాడు పడని సిగ్గు ఆ రెండు రోజులూ పడ్డాను. మూడో రోజు పొద్దున జడ వేస్తున్నాను, అద్దంలోంచి అడిగింది.

"ఎంత తగ్గిందంట?"

"ఒకటిన్నర సెంటీమీటరు. మొన్న చూపించినప్పుడు కొలిచారు."

వేళ్ళ మధ్య కొలత చూసుకుంది. "అరంగుళం పైన. చెప్పుకి అడుగున అట్ట వేయిస్తే సరిపోతుంది. గుడ్డ చాలకపోతే అతుకేసి కుట్టమా? దీనికోసరం ఆర్నెల్లు మీరొక్కరే ఏడ్చినారా?"

కావలిలో చెప్పుకి అట్ట వేయించాం. కుంటు మొత్తం పోలేదు, సగం పోయింది. తొక్కుడు మిషను తొక్కితే తొడ పీకుతోందని కరెంటు మోటారు పెట్టించుకుంది. దసరాకి మొదటి జాకెట్టు కుట్టింది. చంక దగ్గర కుట్టు వంకర పోయిందని తనే విప్పేసి మళ్ళీ కుట్టింది.

అక్టోబరులో 'సైరా నరసింహారెడ్డి' వచ్చింది. రెండో వారం జనం పలచబడ్డాక ఇద్దరం కావలి వెళ్ళాం. ఈసారి బస్సులో. బండి ఎక్కడానికి ఆవిడ ఒప్పుకునేదే, నేనే ఒప్పుకోలేదు. కాలు చాపుకోవడానికి వీలుగా నడవ పక్క సీటు తీసుకున్నాం. క్లైమాక్సులో ఉరికంబం కనిపించగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "దీని ముగింపు మీరు చెప్పబాకండి, నేనే చూస్తా" అంది.

బొమ్మ అయిపోయింది. జనమంతా వెళ్ళేదాకా కూర్చున్నాం. ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని ఎదురుచూస్తోంది. లేచి మెట్ల దగ్గరికి వచ్చాం. నేను చెయ్యి అందించాను. ఆవిడ పట్టుకోలేదు. కర్ర కుడిచేతిలోకి మార్చుకుని, కింద మెట్టు వంక చూసి, "దెబ్బకాలు ముందు గదా" అంది.

"అవును" అన్నాను.