నొప్పి కాదండీ, బరువు

ఈ సంచికకు ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, ఏ కవితో గల్పికో ఇస్తాననుకొని ఉంటారు. తెలుగు ఎం.ఏ. చదివేవాడు గుండెజబ్బు మీద వ్యాసం పట్టుకొచ్చేసరికి, "ఇది మెడికల్ కాలేజీ వాళ్ళ సంచికకి పోవలసింది పొరపాటున ఇటొచ్చిందేమో" అని ఒకాయన నవ్వాడు కూడా. కానీ నేను చెప్పబోయేది వైద్యం గురించి కాదు, మాటల గురించి. మాటలు మా శాఖ పరిధిలోనివే కనుక ఆపాటి అధికారం నాకుందనే అనుకుంటున్నాను.

మన భాషలో గుండెకేం కొదవ? గుండె జారుతుంది, గుండె చెరువవుతుంది, గుండె రాయి చేసుకుంటాం, పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే గుండెల మీద కుంపటి అంటాం. ఇన్ని పలుకుబడులుండి కూడా, ఆ గుండెకు నిజంగా జబ్బు చేసిననాడు డాక్టరు ముందు కూర్చొని చెప్పుకోవడానికి సరైన మాట ఒక్కటి నోటికి రాదు. "ఎద" ఎప్పుడో కవులకు వదిలేశాం. "రొమ్ము" అందామా, మగవాడు విరుచుకొని నడవడానికి పనికొచ్చే ఆ మాట ఆడవాళ్ళ నోటికొచ్చేసరికి సిగ్గు అడ్డొస్తుంది. "ఛాతీ" పోలీసు సెలక్షన్లలో టేపుతో కొలిచేది. ఇక అందరికీ అందుబాటులో మిగిలింది ఒకటే: "గ్యాసు". గుండెల్లో ఏం జరిగినా గ్యాసే. కాస్త వాము నమిలి, ఒక సోడా తాగి, అటూ ఇటూ తిరిగితే పోవాలి. పోకపోతే ఇంకో సోడా.

మా పిన్ని సంగతి చెబుతాను. నరసరావుపేటకు దగ్గర్లో పల్లె. 52 ఏళ్ళ మనిషి, ఎనిమిదేళ్ళుగా షుగరు. 2023 కార్తీకంలో కోటప్పకొండ మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయింది. తరవాత డాబా మీద బట్టలారేయడానికి వెళ్ళినా అదే వరస. గుండెల మీద తిరగలి పెట్టినట్టుంటుంది, కింది దవడ లాగుతుంది, ఎడమ రెక్క బరువెక్కుతుంది. రెండు నిమిషాలు కూర్చుంటే ఏమీ ఎరగనట్టు పోతుంది.

బాబాయి పట్నంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన మొదట అడిగిన ప్రశ్న, "నొప్పేమైనా ఉందామ్మా?" పిన్ని, "నొప్పి లేదండీ" అంది. మిగతా ప్రశ్నలన్నిటికీ బాబాయే జవాబులిచ్చాడు. వేళకు తినదండీ, పచ్చళ్ళెక్కువండీ, గ్యాసేనండీ అని. ఇ.సి.జి. తీశారు, బాగానే ఉంది. పదిహేను రోజులకు గ్యాసు మాత్రలు రాశారు.

నేను ఆ డాక్టరును ఆడిపోసుకోను. బయట బెంచీల మీద యాభై మంది ఉన్నారు. ఆయన అడిగింది నొప్పి, ఈవిడ చెప్పింది లేదు. ఆవిడా అబద్ధమాడలేదు. ముగ్గురు పిల్లల్ని కన్న మనిషి లెక్కలో నొప్పి అంటే ఏమిటో వేరే చెప్పాలా? పురిటి నొప్పి, పంటి నొప్పి, తేలు కుట్టిన నొప్పి - వాటి పక్కన ఇది నొప్పి కానే కాదు. బరువు, అంతే.

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ జబ్బును మొట్టమొదట చక్కగా వర్ణించిన ఇంగ్లీషు వైద్యుడు విలియం హెబర్డెన్ దానికి పేరు పెట్టినప్పుడు నొప్పి అనే మాటను వాడుకోలేదు. 1768లో లండన్‌లో వైద్యుల సభలో చదివిన పత్రంలో దాన్ని "ఆంజైనా" అన్నాడు. గొంతు బిగపట్టినట్టు ఉక్కిరిబిక్కిరి కావడం అని ఆ లాటిన్ మాటకు భావం. నడుస్తుంటే, ముఖ్యంగా ఎత్తెక్కుతుంటే వస్తుందనీ, నిలబడిపోతే పోతుందనీ ఆయన అప్పుడే గుర్తించాడు. అంటే మా పిన్ని కోటప్పకొండ మెట్ల మీద తెలుసుకున్నది ఆయన రెండు వందల యాభై ఏళ్ళ కిందటే రాసిపెట్టాడన్నమాట. అయితే ఆయన చూసిన దాదాపు నూరుమంది రోగుల్లో ఆడవాళ్ళు ముగ్గురే. జబ్బు ముగ్గురికే ఉందో, చెప్పుకోవడానికి ముగ్గురే వచ్చారో ఎవరు చూడొచ్చారు?

అప్పటినుంచీ గుండెజబ్బు అంటే మగవాళ్ళ జబ్బు అనే ముద్ర పడిపోయింది. 1991లో అమెరికాలో బెర్నడైన్ హీలీ అనే హృద్రోగ వైద్యురాలు దీనికి ఒక కథలోంచి పేరు తెచ్చిపెట్టింది. ఐజాక్ బాషెవిస్ సింగర్ రాసిన కథలో యెంటిల్ అనే పిల్ల చదువుకోవడం కోసం మగవేషం వేస్తుంది. తన జబ్బూ మగవాడి జబ్బులాంటిదేనని రుజువు చేసుకుంటే తప్ప ఆడదానికి అతనితో సమానంగా వైద్యం అందడం లేదని హీలీ ఫిర్యాదు. (కథాసాహిత్యం వైద్యులకెందుకు అనేవారు గమనించ ప్రార్థన.) ఆడవాళ్ళకూ ఎక్కువగా వచ్చేది గుండెలో పట్టేసినట్టుండడమే. కాకపోతే దానితోపాటు ఆయాసం, వికారం, వెన్నులో లాగడం, అంతుబట్టని నీరసం మగవాళ్ళలో కంటే ఎక్కువగా కనిపిస్తాయి. షుగరున్నవాళ్ళలో నరాలు మొద్దుబారి అసలు సంకేతమే సన్నగా వినిపించవచ్చు. పైగా మనవాళ్ళకు తొందరెక్కువ. 52 దేశాల్లో జరిపిన ఇంటర్‌హార్ట్ పరిశీలనలో దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సుమారు 53 ఏళ్ళకే వస్తోందనీ, ఇతరులకంటే అది అయిదారేళ్ళు ముందనీ తేలింది.

సంక్రాంతి సెలవులకు నేను వెళ్ళేసరికి పిన్ని ఒక పని చేసి ఉంచింది. వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీద, బరువు వచ్చిన రోజల్లా ఒక చుక్క పెట్టింది. రెండుసార్లు వస్తే రెండు చుక్కలు. పుష్యమాసం దగ్గరపడేకొద్దీ చుక్కలు చిక్కబడ్డాయి. భోగి మర్నాడు కాక ఆ మర్నాడు, ఆ క్యాలెండరు చుట్టచుట్టి చంకలో పెట్టుకొని, "పదరా, ఆ డాక్టరు దగ్గరికే పోదాం" అంది.

ఈసారి ఆయన ప్రశ్న అడగకముందే మొదలెట్టింది. "గ్యాసైతే డాక్టరు గారూ, మెట్లెక్కినప్పుడే వచ్చి కూర్చోగానే పోతుందా అండీ? తిన్నా రాదు, పడుకున్నా రాదు. నొప్పి కాదండీ, బరువు." బాబాయి ఏదో అనబోతే, "మీరుండండి" అంది. మా ఇంట్లో ఆ మాట నేను వినడం అదే మొదలు. డాక్టరు కలం కింద పెట్టి, క్యాలెండరు అందుకొని చుక్కలు లెక్కపెట్టాడు. ఎంతసేపుంటుంది, ఎటు పాకుతుంది, చెమట పడుతుందా అని ఒక్కొక్కటే అడిగాడు, ఆవిడనే అడిగాడు. ఇ.సి.జి. మళ్ళీ బాగానే వచ్చింది. "ఇది విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఫొటో అమ్మా. ఇది బాగున్నంత మాత్రాన ఏమీ లేదనుకోవడానికి వీల్లేదు" అని ఆయనే చెప్పి గుంటూరుకు చీటీ రాశాడు. అక్కడ ఆంజియోగ్రామ్‌లో ఒక నాళం నూటికి తొంభై వంతులు పూడి ఉంది. స్టెంటు వేశారు.

ఇది పని చేస్తేనే వచ్చి కూర్చుంటే పోయే రకం కనుక ఇంత వ్యవధి దొరికింది. కూర్చున్నా పోనిది, చెమటలు పట్టించేది, కొత్తగా విశ్రాంతిలోనే వచ్చేది అయితే క్యాలెండర్లూ చుక్కలూ పనికిరావు, సోడాలు అంతకన్నా పనికిరావు. 108కి ఫోను చేయడమే. అక్కడా మొదటి ఇ.సి.జి., మొదటి రక్తపరీక్ష బాగున్నాయని లేచి వచ్చేయకూడదు. ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు కనుక మళ్ళీ తీస్తారు. "గుండెది కాదని ఎలా తేల్చారండీ?" అని మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ కోపగించుకోడు. కోపగించుకున్నా మన సొమ్మేం పోదు.

హాస్టలు మిత్రులకు కూడా ఒక మాట. మన వయసులో గుండెల్లో కలుక్కుమనేవాటిలో చాలామటుకు కండరాల బాపతే. కానీ ఆటలో పరుగెత్తుతూ స్పృహతప్పి పడిపోతే, లేదా మీ ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో ఉన్నట్టుండి పోయి ఉంటే, అడక్కపోయినా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఎండదెబ్బ అని సరిపెట్టుకోకండి. సెలవుల్లో పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళే పని ఎలాగూ మన మీదే పడుతుంది. కుర్చీలో రోగిని కూర్చోబెట్టి మనం వెనక నిలబడడం మంచిది. జవాబులు ముందునుంచి రావాలి.

పిన్ని ఇప్పుడు మందులు వేసుకుంటూ డాబా ఎక్కి దిగుతోంది. ఆ డిసెంబరు పాలలెక్క మాత్రం ఈనాటికీ తేలలేదు. చుక్కపడ్డ రోజులన్నీ పాలు రాని రోజులేనని బాబాయి వాదన. కావాలంటే గుంటూరు వెళ్ళి డాక్టర్ని అడగమని పాలవాడి వాదన.